పిల్లికూతలకూ ప్యాకెట్ తిండికీ ముడి ఎక్కడ?

నాలుగేళ్ల పిల్లకి జలుబు చేస్తే మన ఇళ్లలో ముందుగా ఆగిపోయేవి అరటిపండు, పెరుగు. జామకాయ తింటే దగ్గొస్తుందంటారు. కమలాపండు పులుపంటారు, పుచ్చకాయ చలవంటారు, ద్రాక్ష తింటే కఫం పడుతుందంటారు. సరే, ఇవన్నీ తీసేశాక ఆ పిల్లకి ఏం పెడుతున్నాం? పాలలో ముంచిన బిస్కెట్లు, రస్కులు, బ్రెడ్డు, డబ్బాలోని పొడి కలిపిన చాక్లెట్ రంగు పాలు. నోరు బాగోలేదని మారాం చేస్తే ఒక నూడుల్స్ ప్యాకెట్. ఇవి తేలిగ్గా అరుగుతాయనీ, చలవ చేయవనీ అమ్మమ్మ దగ్గర్నుంచి అమ్మ దాకా అందరికీ నమ్మకం. జలుబు తగ్గుతుంది, మూడు వారాలకు మళ్లీ వస్తుంది, పళ్లెం మళ్లీ అలాగే మారిపోతుంది. తరచూ ఆయాసం వచ్చే పిల్లలైతే ఏడాదిలో చాలా రోజులు ఈ తిండి మీదే గడిపేస్తారు.

దీని వెనక ఉన్నది ప్రేమే, నిర్లక్ష్యం కాదు. కానీ ఊపిరితిత్తుల మీదా పేగుల మీదా ఈ పదిహేనేళ్లలో జరిగిన పరిశోధనలను దగ్గర పెట్టుకుని చూస్తే, మనం తీసేస్తున్నవే పెట్టాల్సినవనీ, పెడుతున్నవే తగ్గించాల్సినవనీ అనిపిస్తుంది. తిన్నది ఒక గొట్టంలోకి పోతుంది, పీల్చిన గాలి ఇంకో గొట్టంలోకి పోతుంది. గొంతు దగ్గర కాస్త కలిసి వెంటనే విడిపోయే ఈ రెండు దారులకు లోపల లంకె ఎక్కడుంది? అది తెలిస్తే మిగతా సంగతి దానంతట అదే అర్థమవుతుంది.

ఛాతీలో ఏం జరుగుతోంది

పిల్లికూతలంటే గాలి ఇరుకు దారిలోంచి బయటికి వస్తున్నప్పుడు వినిపించే ఈల లాంటి చప్పుడు. శ్వాసనాళాల లోపలి పొర వాచిపోతుంది. చుట్టూ ఉన్న సన్నటి కండరాలు బిగుసుకుంటాయి. దానికి తోడు చిక్కటి కఫం ఊరుతుంది. పెద్దవాళ్లలోనూ జరిగేది ఇదే. పిల్లల్లో ఇది అంత ప్రమాదకరంగా ఎందుకు మారుతుందంటే వాళ్ల నాళాలు పుట్టుకతోనే సన్నవి. నాళం వెడల్పు సగానికి తగ్గితే గాలికి ఎదురయ్యే అడ్డంకి రెండింతలు కాదు, దాదాపు పదహారింతలు అవుతుంది. పొద్దున హుషారుగా ఆడుకున్న పిల్ల రాత్రికి డొక్కలు ఎగరేస్తూ ఆసుపత్రికి చేరేది అందుకే.

వాపుకు కారణాలు చాలా ఉన్నాయి. చిన్న పిల్లల్లో ఎక్కువసార్లు జలుబు వైరస్‌లే మొదలుపెడతాయి. పొగ, దుమ్ము, బొద్దింకలు, పరుపుల్లోని కంటికి కనిపించని పురుగులు, పుప్పొడి, పెంపుడు జంతువుల నూగు మిగతావి. పుప్పొడి దానంతటదిగా హాని చేసేది కాదు. అయినా కొందరు పిల్లల రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుని, ‘ఐజీఈ’ అనే ప్రతిరక్షకాలను తయారుచేసి సిద్ధంగా ఉంచుతుంది. మళ్లీ పుప్పొడి తగలగానే మాస్ట్ కణాలు హిస్టమిన్ లాంటి రసాయనాలను వదులుతాయి. అవి ముక్కులో పనిచేస్తే తుమ్ములు, చర్మం మీదైతే దద్దుర్లు, ఛాతీలోనైతే ఆయాసం.

మృగశిర కార్తె రాగానే హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేపమందు కోసం జనం బారులు తీరుతారు. ఆ మందు ఉబ్బసాన్ని తగ్గిస్తుందనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. కానీ ఆ వరుసల్ని చూస్తే ఈ జబ్బు కుటుంబాలను ఎంత విసిగించి ఉంటుందో తెలుస్తుంది.

ఇక్కడ ఒక ప్రశ్న మిగిలిపోతోంది. ఒకే వీధిలో ఒకే దుమ్ము పీలుస్తూ పెరిగిన ఇద్దరు పిల్లల్లో ఒకరి ఒళ్లు దాన్ని పట్టించుకోదు, ఇంకొకరి ఒళ్లు తిరగబడుతుంది. వంశపారంపర్యం కొంత కారణం. కానీ రెండు మూడు తరాల్లో జన్యువులు మారిపోవు, అలర్జీలు మాత్రం పెరిగాయి. మారింది పరిసరాలు, అందులోనూ తిండి. రోగనిరోధక వ్యవస్థకు ఏది మనది, ఏది పరాయిది, ఏది పట్టించుకోనక్కర్లేనిది అని పాఠం నేర్పే పెద్ద బడి పేగుల్లోనే ఉంది.

ఏ తిండి గురించి మాట్లాడుతున్నాం

ఫ్యాక్టరీలో తయారైన ప్రతిదీ చెడ్డది కాదు. పాలను వేడిచేసి ప్యాకెట్‌లో నింపడం కూడా ఫ్యాక్టరీ పనే. ఈ గందరగోళాన్ని విడదీసింది బ్రెజిల్‌లోని సావో పాలో విశ్వవిద్యాలయానికి చెందిన కార్లోస్ మోంటేరో. బ్రెజిల్ కుటుంబాలు ఏమేం కొంటున్నాయో చెప్పే సర్వేలను చూస్తుంటే ఆయనకు ఒక వింత కనబడింది. ఇళ్లలో చక్కెర, నూనె కొనడం తగ్గుతోంది, ఊబకాయం మాత్రం పెరుగుతోంది. ఆ చక్కెర, ఆ నూనె ఎక్కడికీ పోలేదు, తయారై వచ్చే ప్యాకెట్లలోకి చేరాయి. అందుకే పోషకాలను లెక్కపెట్టడంతో సరిపెట్టకుండా, ఆహారాన్ని ఎంతగా మార్చారన్నది చూడాలని 2009లో ఆయన ప్రతిపాదించారు. ఆయన బృందం తయారుచేసిన ఆ పద్ధతే ‘నోవా’.

> నోవా నాలుగు గుంపులు
>
> మొదటిది: దాదాపు ఉన్నదున్నట్టు వాడేవి. బియ్యం, పప్పులు, కూరగాయలు, పండ్లు, పాలు, గుడ్లు, చేపలు, పెరుగు.
>
> రెండోది: వంటలోకి వాడేవి. నూనె, నెయ్యి, ఉప్పు, బెల్లం, చక్కెర.
>
> మూడోది: ఆ రెండూ కలిపి నిల్వ కోసమో రుచి కోసమో చేసినవి. ఆవకాయ, పనీరు, ఉప్పుచేప, పిండీ ఉప్పూ ఈస్టూ మాత్రమే వేసి చేసిన రొట్టె.
>
> నాలుగోది, అల్ట్రా ప్రాసెస్డ్: ధాన్యాన్నో నూనెగింజనో విడివిడి ముక్కలుగా చేసి, పిండిపదార్థం, ప్రొటీన్, కొవ్వు వేరుచేసి, వాటిని రంగులు, వాసనలు, ఎమల్సిఫయర్లు, తీపి పదార్థాలతో మళ్లీ కలిపి అచ్చుపోసినవి. ఇన్‌స్టంట్ నూడుల్స్, క్రీమ్ బిస్కెట్లు, మసాలా చిప్స్, కూల్‌డ్రింకులు, చాక్లెట్ మాల్ట్ పొడులు, రంగుల సీరియల్స్, సాసేజ్‌లు, నగ్గెట్లు, చాలా రకాల ఐస్‌క్రీములు.
>
> ఇంట్లో చేసిన జంతికలు, మిర్చి బజ్జీలు నాలుగో గుంపులోకి రావు. నూనె సరుకులు కాబట్టి మితంగా తినాలన్నది వేరే సంగతి.

గుర్తుపట్టడానికి చాలామంది పోషకాహార నిపుణులు చెప్పే ఉపాయం ఒకటుంది. ప్యాకెట్ వెనక రాసిన పేర్లలో మీ వంటింటి డబ్బాల్లో ఎప్పుడూ ఉండనివి ఎన్ని ఉన్నాయో చూడండి. ఒక నూడుల్స్ ప్యాకెట్ తీసుకుందాం. మైదా, పామాయిల్, ఉప్పు దాకా అన్నీ తెలిసినవే. తర్వాత చిక్కదనానికి 508, 412, ఆమ్లత సర్దడానికి 500, 501, తేమ నిలబెట్టడానికి 451, మసాలా పొట్లంలో రుచి పెంచడానికి 635. ఇవన్నీ చట్టం అనుమతించినవే, విషాలు కావు. 412 అంటే గోరుచిక్కుడు గింజల జిగురు మాత్రమే. ఇలాంటి పేర్లు వరసగా కనిపిస్తే ఆ పదార్థం వంటింట్లో పుట్టింది కాదని అర్థం చేసుకోవచ్చు.

లెక్కలు ఎంతవరకు చెబుతున్నాయి

పిల్లల ఆస్తమా, అలర్జీల మీద ప్రపంచవ్యాప్తంగా జరిగిన ‘ఐజాక్’ అధ్యయనంలో మన దేశంలోని కేంద్రాలు కూడా పాల్గొన్నాయి. అందులోంచి ఆహారానికి సంబంధించిన ఫలితాలు 2013లో ‘థోరాక్స్’ పత్రికలో వచ్చాయి. 51 దేశాల్లోని 13, 14 ఏళ్ల పిల్లలు మూడు లక్షల పైచిలుకు, 31 దేశాల్లోని 6, 7 ఏళ్ల పిల్లలు లక్షా ఎనభై వేల మంది అందులో ఉన్నారు. వారంలో మూడుసార్లు, అంతకంటే ఎక్కువ ఫాస్ట్ ఫుడ్ తినే పిల్లల్లో తీవ్రమైన ఆస్తమా ముప్పు పెద్ద పిల్లల్లో 39 శాతం, చిన్నవాళ్లలో 27 శాతం ఎక్కువగా కనిపించింది. వారంలో మూడుసార్లయినా పండ్లు తినేవారిలో అది పెద్ద పిల్లల్లో 11 శాతం, చిన్నవాళ్లలో 14 శాతం తగ్గింది. జలుబని పండు మాన్పించే ఇళ్లన్నీ ఈ చివరి అంకెను గోడకు అంటించుకోవాలి.

స్పెయిన్‌లో నవార్రా విశ్వవిద్యాలయం వాళ్లు ‘సెండో’ పేరుతో బడి ఈడుకు ముందు నుంచే పిల్లల ఆహారాన్ని, ఆరోగ్యాన్ని గమనిస్తున్నారు. అందులో ఐదు వందల మందికి పైగా పిల్లల వివరాలను విశ్లేషించి 2021లో ప్రచురించారు. తినే క్యాలరీల్లో 30 శాతానికి మించి అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం నుంచే వస్తున్న పిల్లల్లో పిల్లికూతలతో కూడిన శ్వాస జబ్బులు ఎక్కువగా కనిపించాయి. బ్రెజిల్‌లో లక్షమందికి పైగా బడిపిల్లల సర్వేలోనూ ఇలాంటి సంబంధమే బయటపడింది.

అదే బ్రెజిల్‌లో పెలోటాస్ నగరంలో 2004లో పుట్టిన పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించిన మరో అధ్యయనం ఉంది. వాళ్లు చిన్నప్పుడు తిన్న అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారానికీ, తర్వాత వచ్చిన ఆస్తమాకూ అందులో సంబంధం కనబడలేదు. ఈ ఫలితాన్ని దాచేసి పై మూడే చెబితే పాఠకుల్ని మోసం చేసినట్టే.

ఈ తేడా ఎందుకు? ఒకే రోజున ఒకే మందిని తిండి గురించి, ఆయాసం గురించి అడిగితే ఏది ముందో ఏది వెనకో తేలదు. మన ఇళ్లనే చూడండి. ఆయాసం వచ్చే పిల్లకి కదా పండు మాన్పించి బిస్కెట్ పెడుతున్నాం! అప్పుడు బిస్కెట్ వల్ల ఆయాసమా, ఆయాసం వల్ల బిస్కెట్టా? పైగా ప్యాకెట్ తిండి ఎక్కువగా తినే పిల్లలు రద్దీ రోడ్ల పక్కన ఉండొచ్చు, ఇంట్లో సిగరెట్ పొగ ఉండొచ్చు, ఆటలు తక్కువ కావచ్చు, బరువు ఎక్కువ కావచ్చు. ఊబకాయం ఒక్కటే ఆస్తమా ముప్పును పెంచడానికి చాలు. పరిశోధకులు వీటిని లెక్కలోంచి తీసేయడానికి ప్రయత్నిస్తారు, పూర్తిగా తీసేయలేరు. కాబట్టి అంకెలు సంబంధాన్ని చూపిస్తున్నాయి, కారణాన్ని ఇంకా రుజువు చేయలేదు. అందుకే ఒళ్లు లోపల ఏం జరుగుతుందన్నది ముఖ్యమవుతుంది.

పేగుల్లో కంచె

మన పెద్దపేగులో లక్షల కోట్ల సూక్ష్మజీవులున్నాయి. వాటికీ మన పేగు గోడకూ మధ్య జిగురు లాంటి మ్యూకస్ పొర ఉంటుంది. దీన్ని పచ్చి ఆకుల కంచె అనుకోండి. ఒకవైపు మేకల మంద, మరోవైపు పంట. మేకలు ఆ పక్కనే ఉండాలి, వాటి ఎరువు చేనుకు కావాలి, కానీ లోపలికి రాకూడదు. మేత దొరికినంతకాలం మేకలు కంచె జోలికి పోవు. మేత వేయడం మానేస్తే కంచె ఆకులనే మేస్తాయి.

ఆ మేత పేరే పీచు. జొన్న, రాగి, పప్పు, కూర, పండులోని పీచును మన పొట్ట జీర్ణం చేసుకోలేదు. అది అలాగే పెద్దపేగుకు చేరి సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. ఎలుకలకు పీచు లేని తిండి పెట్టి చూసిన పరిశోధన 2016లో ‘సెల్’ పత్రికలో వచ్చింది. ఆకలితో ఉన్న సూక్ష్మజీవులు మ్యూకస్ పొరనే తినడం మొదలుపెట్టాయి, పొర పలచబడింది, రోగకారక బ్యాక్టీరియా గోడ దాకా చేరగలిగింది.

కంచె పలచబడితే పేగు గోడ దగ్గరున్న రక్షక కణాలకు అలికిడి ఎక్కువవుతుంది, ఒంట్లో వాపు లక్షణం పెరుగుతుంది. ఇది నష్టంలో ఒక సగమే.

రెండో సగం ఇంకా ఆసక్తికరం. పీచును పులియబెట్టేటప్పుడు సూక్ష్మజీవులు అసిటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలను వదులుతాయి. వీటిలో కొంత పేగు కణాలకే ఆహారం. మిగిలింది రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో బెంజమిన్ మార్స్‌లాండ్ బృందం 2014లో ‘నేచర్ మెడిసిన్’లో ప్రచురించిన పరిశోధన ఈ దారిని చాలా స్పష్టంగా చూపింది. పీచు తక్కువ తిన్న ఎలుకలకు పరుపు పురుగుల పొడి పీల్పిస్తే ఊపిరితిత్తుల్లో వాపు ఎక్కువగా వచ్చింది, పీచు ఎక్కువ తిన్నవాటిలో తక్కువ వచ్చింది. పీచు బదులు నేరుగా ప్రొపియొనేట్ ఇచ్చినా రక్షణ దొరికింది. అది పనిచేసింది ఊపిరితిత్తుల్లో కాదు, ఎముకల మూలుగలో. అక్కడ పుట్టే ఒక రకం రక్షక కణాల స్వభావాన్నే అది మార్చింది. అవి రక్తంలో ప్రయాణించి ఊపిరితిత్తుల్లో స్థిరపడ్డాక, దుమ్ము కనిపించినా అలర్జీ కణాలను ఎగదోయడంలో వెనకపడ్డాయి. మనం వెతుకుతున్న లంకె ఇదే: పళ్లెం, పేగు, రక్తం, మూలుగ, ఊపిరితిత్తి.

బ్యుటిరేట్‌కు మరో పని కూడా ఉందని 2013లో వేర్వేరు బృందాలు చూపించాయి. రోగనిరోధక వ్యవస్థను శాంతపరిచే ‘టి-రెగ్’ కణాలు పేగుల్లో పెరగడానికి అది తోడ్పడుతుంది. పుప్పొడిని చూసి వదిలెయ్యమని చెప్పే కణాలు ఇవే.

ఇప్పుడు జలుబు చేసిన పిల్ల పళ్లెం మళ్లీ చూడండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చువేసిన పట్టికల ప్రకారం 100 గ్రాముల మైదాలో పీచు 3 గ్రాములు కూడా లేదు. అంతే బరువు రాగుల్లో 11 గ్రాములు, జొన్నల్లో 10, జామపండులో 8 గ్రాముల పైమాట. పిల్లల వయసుకు ఐదు కలిపితే రోజుకు కనీసం అన్ని గ్రాముల పీచు కావాలన్నది వైద్యులు చెప్పే తేలిక లెక్క. నాలుగేళ్ల పిల్లకి తొమ్మిది గ్రాములు. ఒక జామకాయ దాదాపు ఆ రోజు అవసరాన్ని తీర్చేస్తుంది. అదే మనం వద్దన్నది.

ప్యాకెట్ తిండిలో ఏ రసాయనం ఉందన్న భయం పత్రికల్లో, ఫోన్లలో బాగా తిరుగుతుంది. నాకు మాత్రం అంతకంటే పెద్ద నష్టం ఆ ప్యాకెట్ పళ్లెంలోంచి దేన్ని తోసేసిందన్న దాంట్లోనే కనిపిస్తోంది. చిన్న పొట్టలో చోటు తక్కువ. నాలుగింటికి నాలుగు క్రీమ్ బిస్కెట్లు పడితే ఎనిమిదింటికి పప్పన్నం లోపలికి పోదు.

కలిపినవాటి సంగతి

అలాగని కలిపినవాటి మీద అనుమానం లేదని కాదు. నూనె, నీళ్లు విడిపోకుండా పట్టి ఉంచే పదార్థాలు ఎమల్సిఫయర్లు. ఐస్‌క్రీము నున్నగా ఉండటం, కేకు రోజుల తరబడి మెత్తగా ఉండటం వాటి వల్లే. 2015లో ‘నేచర్’లో బెన్వా షసాంగ్, ఆండ్రూ గెవర్ట్జ్ బృందం కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, పాలిసార్బేట్-80 అనే రెండింటిని ఎలుకలకు ఇచ్చి చూసింది. సూక్ష్మజీవుల కూర్పు మారింది, అవి మ్యూకస్ పొరలోకి చొచ్చుకుపోయి గోడకు దగ్గరగా వచ్చాయి, తేలికపాటి వాపు మొదలైంది. మనుషుల మీద 2022లో చిన్న ప్రయోగం జరిగింది. 16 మంది ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లు, 11 రోజులు. వాళ్లలో ఏడుగురికి రోజుకు 15 గ్రాముల కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్. మామూలుగా ఎవరూ అంత తినరు. వాళ్ల పేగుల్లో సూక్ష్మజీవుల వైవిధ్యం తగ్గింది, మేలుచేసే చిన్న కొవ్వు ఆమ్లాలు తగ్గాయి. ఇద్దరిలో బ్యాక్టీరియా మ్యూకస్‌లోకి చొరబడ్డ జాడ కనిపించింది. దీన్నిబట్టి పిల్లల ఆస్తమా గురించి తీర్పు చెప్పలేం, ఎలుకల్లో చూసింది మనుషుల్లో అసాధ్యం కాదని మాత్రం చెప్పొచ్చు.

చక్కెరలు, ప్రొటీన్లు, కొవ్వులు నీళ్లు లేకుండా ఎక్కువ వేడిలో ఎర్రగా వేగినప్పుడు ఏజీఈలనే పదార్థాలు పుడతాయి. బిస్కెట్ అంచు, చిప్స్, నగ్గెట్ల పైపొర ఆ రంగు తేలేది ఆ చర్యల వల్లే. వీటిని పట్టుకునే గ్రాహకం పేరు ‘రేజ్’. అది శరీరంలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే చోట్లలో ఊపిరితిత్తి ఒకటి. తిండిలో ఏజీఈలు ఎక్కువైతే ఆ గ్రాహకం ఒంటికి గాయమైందన్న తప్పుడు సంకేతం ఇస్తుందనీ, ఆ గోలలో హానిలేని పదార్థాల మీద కూడా అలర్జీ పుడుతుందనీ 2017లో కొందరు పరిశోధకులు ఒక ఊహను ముందుకు తెచ్చారు. ఇది ఊహే, రుజువు కావాలి. ఏజీఈలు ఇంటి వేపుళ్లలోనూ ఉంటాయి. ఉడికించిన, ఆవిరి పట్టిన వాటిలో బాగా తక్కువ. ఆ లెక్కన ఇడ్లీకి సాటి వచ్చే పిల్లల ఫలహారాలు తక్కువే: పులిసిన పిండి, మినప్పప్పు, ఆవిరి.

> ఆయాసం ఉన్న పిల్లల తల్లిదండ్రులు లేబుల్ మీద చూడాల్సిన అంకెలు
>
> ఐఎన్ఎస్ (ఆహారంలో కలిపే పదార్థాల అంతర్జాతీయ సంఖ్య) 220 నుంచి 228 వరకు సల్ఫైట్లు, అంటే నిల్వ పదార్థాలు. వీటి సంగతి మిగతావాటికి భిన్నం. ఉబ్బసం ఉన్నవారిలో కొద్దిమందికి ఇవి నేరుగా, నిమిషాల్లో ఆయాసం తెప్పించగలవని వైద్యులకు బాగా తెలుసు. పుల్లటి పానీయాల్లో ఇవి సల్ఫర్ డయాక్సైడ్ వాయువును వదులుతాయి, మింగేటప్పుడు అది గాలి దారిలోకి పోతుంది. అమెరికా 1986లోనే పచ్చిగా తినే కూరగాయలు, పండ్ల మీద సల్ఫైట్లు చల్లడాన్ని నిషేధించింది. స్క్వాష్‌లు, ఎండు ఆప్రికాట్లు, కొన్ని బిస్కెట్లలో (ఐఎన్ఎస్ 223) చూడండి.
>
> ఐఎన్ఎస్ 102 టార్ట్రజీన్, పసుపు రంగు. కొద్దిమందికి దద్దుర్లు తెప్పించవచ్చు.
>
> ఐఎన్ఎస్ 433 పాలిసార్బేట్-80, ఐఎన్ఎస్ 466 కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్. పైన చెప్పిన ఎమల్సిఫయర్లు.
>
> ఏదైనా తిన్న ప్రతిసారీ గంటలోపు దగ్గు, ఆయాసం, పెదాల వాపు వస్తుంటే తేదీ, పదార్థం పేరు రాసుకుని ప్యాకెట్‌తో సహా డాక్టరుకు చూపించండి.

కూల్‌డ్రింక్ తాగాక దగ్గొస్తే ‘చల్లదనం’ అని సరిపెట్టుకుంటాం. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. మరికొందరిలో కారణం సీసాలో కలిపిన నిల్వ పదార్థం కావచ్చు.

పుట్టకముందే

గర్భిణి తిండి ప్రభావం గురించి గట్టి ఆధారం ఒకటి డెన్మార్క్ నుంచి వచ్చింది. 736 మంది గర్భిణులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, చివరి నెలల్లో ఒక గుంపుకు చేప నూనె, రెండో గుంపుకు ఆలివ్ నూనె ఇచ్చారు. చేప నూనె తీసుకున్నవారి పిల్లల్లో పదేపదే పిల్లికూతలు, ఆస్తమా 16.9 శాతం మందికి వస్తే, రెండో గుంపులో 23.7 శాతం మందికి వచ్చాయి. 2016లో వచ్చిన ఈ ఫలితం ఇప్పటిదాకా చెప్పుకున్న సర్వేల్లాంటిది కాదు, అసలైన ప్రయోగం. చేప నూనెలోని కొవ్వైన ఒమేగా-3 ఒంట్లో తక్కువున్న తల్లుల పిల్లలకే లాభం ఎక్కువ కనిపించింది. దీన్ని చూసి ఎవరికివారు క్యాప్సూళ్లు కొనుక్కోకూడదు, డాక్టర్ని అడగాలి. వారంలో రెండుసార్లు కవళ్లో, కానాగంతలో వండుకోవడానికి మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు.

అన్నిటినీ ఒకే గాటన కట్టలేం

ఇజ్రాయెల్‌లో ‘బంబా’ అనే వేరుశనగ చిరుతిండి ఉంది. గాలితో పొంగిన పఫ్, ప్యాకెట్ సరుకే. అక్కడి పిల్లలు ఏడాది నిండకముందే అది నమలడం మొదలుపెడతారు. బ్రిటన్‌లోని యూదు పిల్లల్లో వేరుశనగ అలర్జీ ఇజ్రాయెల్ పిల్లలకన్నా పదింతలు ఎక్కువని 2008లో గిడియన్ లాక్ బృందం గుర్తించింది. ఆ తర్వాత లండన్‌లో ముప్పు ఎక్కువున్న 640 మంది పసివాళ్లతో ప్రయోగం చేశారు. నెలల వయసు నుంచే వేరుశనగ తిన్నవారిలో ఐదేళ్లకల్లా ఆ అలర్జీ 81 శాతం తక్కువని 2015లో తేలింది. అంటే ఒక ప్యాకెట్ చిరుతిండి అలర్జీని అడ్డుకునే పరిశోధనకు దారి చూపింది. నోవా నాలుగో గుంపులో కూల్‌డ్రింకూ ఉంది, ప్యాకెట్ గోధుమ బ్రెడ్డూ ఉంది. రెండూ ఒకటే అనడం నాకు న్యాయంగా తోచదు.

యూరప్‌లోని పల్లె పిల్లలను గమనించిన మరో అధ్యయనంలో, మొదటి ఏడాదిలో ఎన్ని రకాల ఆహారాలు రుచి చూపిస్తే తర్వాత ఆస్తమా, ఆహార అలర్జీలు అంత తక్కువగా కనిపించాయి. అన్నప్రాశన అయ్యాక మెత్తగా ఉడికించిన పప్పన్నం, గుడ్డు, అరటిపండు, రాగి జావ, పల్చగా కలిపిన వేరుశనగ ముద్ద, పెరుగు ఒక్కొక్కటిగా పరిచయం చేయాలి. గింజలు గింజలుగా మాత్రం ఐదేళ్ల లోపు పిల్లలకు పెట్టొద్దు, గొంతుకు అడ్డం పడతాయి. అప్పటికే తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పిల్లలకైతే ముందు డాక్టరు సలహా కావాలి.

రేపటి నుంచి

ఒకటి గట్టిగా చెప్పాలి. తిండి మార్పు ఇన్‌హేలర్‌కు బదులు కాదు. డాక్టరు రాసిచ్చిన పఫ్ అలవాటైపోతుందని మానేసి, జొన్నరొట్టె పెట్టి ఊరుకోవడం ప్రాణాంతకం. పీచు ఫలితం నెలల మీద, ఏళ్ల మీద కనిపించేది. ఆయాసం అర్ధరాత్రి వస్తుంది.

అలర్జీ ఉందని పరీక్షలో తేలితే తప్ప జలుబుకు, ఉబ్బసానికి అరటిపండు, జామ, పెరుగు మాన్పించాల్సిన పనిలేదు. ఫ్రిజ్‌లోంచి తీసినవి కాసేపు బయట పెట్టి ఇవ్వండి. పప్పులో తోటకూర, సాయంత్రం ఉడికించిన శనగలు, సంగటి, చిక్కుడుకాయ కూర, చద్దన్నంలో పెరుగు. వండి చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం పీచులా మారి పెద్దపేగు దాకా చేరుతుంది. బిస్కెట్ పూర్తిగా నిషేధిస్తే పిల్లలకు దాని మీదే ధ్యాస. రోజూ తినేది పండగపూట తినేదిగా మారితే చాలా మేలు.

ఇంట్లో ఎంత చేసినా వీధి మరోలా ఉంటే తల్లి ఓడిపోతుంది. చిలీ దేశం 2016లో చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన ప్యాకెట్ల మీద నల్లటి అష్టకోణపు ముద్ర తప్పనిసరి చేసింది, వాటి మీద కార్టూన్ బొమ్మలు తీయించింది, బడుల్లో అమ్మకం ఆపింది. ఆ తర్వాత తీపి పానీయాల కొనుగోళ్లు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. మన దగ్గర హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన ఫలితంగా, చక్కెర పానీయాల మీద ‘ఓఆర్‌ఎస్’ అన్న పేరు వాడటాన్ని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆపించింది. ఒక్క మనిషి పట్టు పడితే లేబుల్ మారుతుంది.

బడుల విషయంలో చట్టం ఇప్పటికే ఉంది. 2020లో ఎఫ్ఎస్ఎస్ఏఐ చేసిన నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన పదార్థాలను బడి క్యాంటీన్‌లోనూ, బడి గేటుకు 50 మీటర్ల లోపలా పిల్లలకు అమ్మకూడదు. మీ పిల్లల బడి గేటు దగ్గర నిలబడి ఒకసారి చుట్టూ చూడండి. అమలు కావడం లేదనిపిస్తే వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో ఈ నిబంధన పేరు చెప్పి అడగండి.